పొయ్యి వేరు, మీటరు వేరు

తరిగొప్పుల కొండల్ బతుకులో ఏ నష్టాన్ని తవ్వినా అడుగున ఒకే మనిషి తేలతాడు. మొగుళ్లపల్లి కరుణాకర్. వరసకు సడ్డకుడు, అంటే పెళ్ళాం చెల్లెలి మొగుడు. శత్రువునైతే మనమే చూసి పెట్టుకుంటాం. సడ్డకుడిని మాత్రం మామ వెతికి తెచ్చి నెత్తిన కూర్చోబెడతాడు. దించడానికి ఉండదు.

కరుణాకర్‌కు భూపాలపల్లి బొగ్గుబాయిలో ఉద్యోగం. నల్లటి బొగ్గు తవ్వే మనిషి తెల్లటి కరెంటు కారు కొన్నాడు. కొన్నవాడు కొని ఊరుకున్నాడా? కొడుకు పుట్టువెంట్రుకల దావత్ పెట్టి, చుట్టాలందరినీ మొగుళ్లపల్లికి పిలిచి, పిల్లవాడి గుండు చూపించడం మానేసి గోడకు తగిలించిన డబ్బా చూపించాడు.

"ఇగో అన్నా, ఇది ఇంటి చార్జర్. పండుకునేటప్పుడు పెడితే పొద్దుగాల వరకు బండి ఫుల్."

"ఎంత పడ్డది?" అన్నాడు కొండల్.

"పడ్డది అడుగుతవేందన్నా, వచ్చింది అడుగు. బండికి రోడ్డు టాక్సు మాఫీ. లోను మిత్తి కట్టినందుకు నా ఇన్‌కం టాక్సు తగ్గింది. ఈ డబ్బా అమ్మిన షాపోడు పన్నెండు వేలు వాపస్ ఇచ్చిండు."

వాపస్ అన్న మాట చెవిన పడగానే కొండల్ చేతిలోని మటన్ బొక్క ప్లేటులోకి జారింది.

ఊళ్ళో అతడిని వాపస్ కొండల్ అంటారు. ఊరికే అనరు. ఎరువు బస్తా కొనేటప్పుడే, ఖాళీ సంచి తిరిగిస్తే ఎంతిస్తావని అడిగే మనిషి. ఒక పెళ్ళిలో తన వంతు వచ్చేసరికి కూర అయిపోయిందని, చదివించిన నూటపదహారులో యాభై తిరిగిమ్మని పెళ్ళికొడుకును స్టేజీ మీదే నిలదీశాడు. ఫొటోలో ఇప్పటికీ ఉంది.

"మరి నాకెంత టాక్సు తగ్గుతది తమ్మీ?"

"నువ్వు టాక్సు కడతవా అన్నా?"

"నేనెందుకు కడతా? నాది వ్యవసాయం."

"కట్టనిదాన్ల ఏం తగ్గిస్తరు?"

"గిదేం న్యాయం! కట్టినోనికే తగ్గిస్తే, పుట్టినకాడి నుంచి ఒక్క రూపాయి గూడ కట్టనోడు ఏం పాపం చేసిండు?"

చుట్టాలు నవ్వారు. కరుణాకర్ అందరికంటే ఒక నవ్వు ఎక్కువ నవ్వాడు. ఆ ఎక్కువ నవ్వే కొండల్‌ను కాల్చింది.

ఊరికి తిరిగొచ్చాక నెల తిరగకుండానే కొండల్ జనగామలో సాంసన్ కరెంటు బండ్ల షాపు మెట్లెక్కాడు. కూరగాయలు జనగామ మార్కెట్‌కు తోలడానికి లోను మీద మూడు చక్రాల కరెంటు ట్రాలీ తీసుకున్నాడు. రోడ్డు టాక్సు లేదనేసరికి, ఆ టాక్సు పైసలు ఎవరో తన జేబులో పెట్టినట్టే సంబరపడ్డాడు. నెలనెలా కట్టాల్సిన కిస్తీ మాత్రం ఎవరో వేరేవాళ్ళది అన్నట్టు విన్నాడు.

సాంసన్ మాటకారి. బండి చూడటానికి వచ్చినవాడికి బీమా కూడా అమ్మి పంపే రకం.

"గోడ చార్జర్ నలభై రెండు వేలన్నా. అయితే మా షాపుల ఒక స్కీమున్నది. ఆడోళ్ళ పేరు మీద జాగ, ఆడోళ్ళ పేరు మీద మీటరు ఉంటే పద్దెనిమిది వేలు వాపస్."

"మొగోళ్ళ పేరు మీద ఉంటే?"

"మీకు క్యాలెండర్ ఇస్తమన్నా."

చదువుకున్నవాళ్ళు కాగితం చదివి మోసపోతారు. మనం చదవకుండా మోసపోతాం. మోసం ఒకటే, మనకు కళ్ళజోడు ఖర్చు తప్పుతుంది. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసిన కొండల్ సాంసన్ ఇచ్చిన స్కీము కాగితం చదవలేదు, చదవాలని కూడా అనుకోలేదు. దారంతా ఆలోచిస్తూ వచ్చాడు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, వాపస్ కావాలంటే పెళ్ళాం ఊర్మిళ పేరు మీద జాగ, మీటరు ఉండాలి. రెండు, రేషన్ కార్డున్న ఇంటికి నెలకు రెండు వందల యూనిట్లు దాటకపోతే కరెంటు బిల్లు సున్నా. ఇప్పుడు ట్రాలీ కూడా ఆ మీటరు మీదే తాగితే రెండు వందలు దాటడం ఖాయం, సున్నా పోవడం ఖాయం. ఈ రెండింటికీ కలిపి ఒకే మందు దొరికింది అతడికి. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే చెప్పేశాడు.

"మనం వేరువడుదామే."

ఊర్మిళ పొయ్యి మీద గుడ్లు వేస్తోంది. గరిటె గాల్లో ఆగింది.

"ఎవరం?"

"నువ్వూ నేను."

"పెండ్లయి ఇరవై ఏడేండ్లు. ఇయ్యాల గుర్తొచ్చిందా?"

"తిక్క మాటలు మాట్లాడకు. కాయితం మీదనే. ముందర రోడ్డు మొఖం జాగ, రేకుల షెడ్డు నీ పేరు మీద రాస్త. ఎనుక ఇల్లు నాది. ఇంటి నంబర్లు రెండు, కార్డులు రెండు, మీటర్లు రెండు. సున్నా బిల్లులు రెండు!"

"రెండు సున్నాలు కలిపితే ఎంత?"

"సున్నా."

"గదే నీ లాభం."

"అరె, పద్దెనిమిది వేలు వాపస్ ఒస్తదే!"

"బండి రోజుకెన్ని యూనిట్లు తాగుతది?"

"ఎనిమిది."

"ఎనిమిది ముప్పైలు?"

కొండల్ పెదాలు కదిలించాడు. వేళ్ళు చాలలేదు. ఊర్మిళే చెప్పింది, పదో తరగతి పాసైన మనిషి కదా. "రెండొందల నలభై. కొత్త మీటరు మీద గూడ దాటుతది."

"ఆదివారం బండి తియ్య."

"రెండొందల ఎనిమిది."

"అమావాస్యకు ఎవడు తీస్తడు బండి?"

"సరిగ్గ రెండొందలు."

"సూస్తివా! దేవుడు గూడ నా లెక్కనే ఉన్నడు."

ఊర్మిళ నవ్వలేదు. ఆమె మనసు లెక్క మీద లేదు, ముందరి జాగ మీద ఉంది. జనగామ పోయే రోడ్డు మొఖాన కొండల్ తండ్రి వదిలిపోయిన జాగ మొదట్లో పన్నెండు గుంటలు. నల్లకోళ్ళ ఫారం పెడతానని నాలుగు అమ్మాడు. చందనం మొక్కలకని మరో నాలుగు అమ్మాడు. మిగిలినవి ఈ నాలుగే. మహబూబాబాద్‌లో నర్సింగ్ చదువుతున్న కూతురు హర్షిణి ఫీజుకు, రేపటి రోజున ఏ అవసరానికైనా ఆ ఇంటికున్న ఆసరా కూడా అవే. మొగుడికి కొత్త ఆలోచన వచ్చిందని తెలిసిన ప్రతిసారీ ఊర్మిళ మొదట కిటికీలోంచి ఆ జాగ వంక చూసేది, ఇంకా ఉందా అని.

"నా పేరు మీద రిజిస్ట్రీ చేస్తవా? పక్కానా?"

"పక్కా."

"జనగామకు వొచ్చి వేలిముద్ర ఏస్తవా?"

"పదివేళ్ళు ఏస్త. వాపస్ రాంగనే మళ్ళ నా పేరు మీదికి మార్పుకుందాం."

ఊర్మిళ ఆ ఆఖరి మాట విననట్టే కొండల్ కంచంలో రెండో గుడ్డు వేసింది. అప్పుడే అతడికి అనుమానం రావాల్సింది. గుడ్డు రుచిగా ఉంది, రాలేదు.

ఊరికే రిజిస్ట్రీ చేసుకుంటే ఇంటి నంబరు వేరుగా ఇస్తారో ఇవ్వరో అని, ఊరి పద్ధతిలో పెద్దమనిషి ముందు కూడా వేరుపడాలని కొండల్ పట్టుబట్టాడు. పెద్దమనిషి అంటే ఎల్లయ్య. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళదే న్యాయమనిపిస్తుంది ఆయనకు. అందుకే రెండు దిక్కుల ఎల్లయ్య అంటారు. అన్నదమ్ముల పంపకాలు ఎన్నో చేశాడు గానీ, ఒకే మంచం మీద పడుకునేవాళ్ళను పంచడం ఆయనకూ కొత్త.

"కొట్లాట ఏంది?" అడిగాడు వాకిట్లో కుర్చీ వేయించుకుని.

"కొట్లాటేం లేదు కాక," అన్నాడు కొండల్.

"కొట్లాట లేకుంట పంపకం ఎట్ల జేస్తం? రివాజు తప్పుతది. జెర తిట్టుకోండ్రి."

కొండల్ గొంతు సవరించుకున్నాడు. ఎంత వెతికినా ఒకటే దొరికింది. "ఈమె చాయ్‌ల చక్కెర తక్కువేస్తది."

"ఆఁ. నువ్వు చెప్పు బిడ్డా."

ఊర్మిళ కొంగు బిగించింది.

"యాడికెళ్ళి మొదలువెట్టాలె కాకా? నల్లకోళ్ళ కాడికెళ్ళి పెడతా. కేసముద్రం మార్కెట్ల ఎవడో చెప్పిండని మూడొందల నల్లకోడి పిల్లలు తెచ్చిండు. మొదటి వాన పడ్డది. రంగు దిగింది. అన్నీ ఉత్త తెల్లకోళ్ళు! వాకిలంత నల్లగ, కోళ్ళన్నీ తెల్లగ. వారం దినాలు నా కాళ్ళకంటిన రంగు పోలే. ఇగ చందనం మొక్కలు..."

చందనం దగ్గర్నుంచి పక్క ఊరి చిట్టీకి, చిట్టీ నుంచి బోరుకు, బోరు నుంచి పెళ్ళినాడు ఆడబిడ్డ అన్న మాటకు వెళ్ళింది. ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకు మారింది. ఎల్లయ్య రెండుసార్లు కుర్చీ జరుపుకున్నాడు.

"చాలు బిడ్డా చాలు. గిది నాలుగు పంచాయితీలకు సరిపోతది. పంపకం అయినట్టే. ఇగ ఒక్కటే మిగిలింది. ముసలవ్వ ఎవరి దిక్కు?"

కొండల్‌కు ఈ ప్రశ్న తట్టనే లేదు. అన్నదమ్ములు వేరుపడితే తల్లి ఎవరి దగ్గరుంటుందో తేల్చడం రివాజు. తల్లి అండాలు అరుగు మీద కూర్చుని పొగాకు నలుపుతోంది. ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

"నేను కోడలి దిక్కు."

"అవ్వా!" అన్నాడు కొండల్. "ఇది కాయితం మీదనేనే."

"నా కడుపు కాయితం కాదు కొడుకా. నాకు పండ్లు లేవు. నువ్వు వండితే అన్నం గులకరాళ్ళ లెక్క ఉంటది. ఇంకోటి గూడ విను, బర్రె నాది. మా పుట్టింటోళ్ళు ఇచ్చిన బర్రె బిడ్డకు బిడ్డ. నేనెటుంటే గదటు."

అలా ఒక్క పూటలో కొండల్‌కు తల్లి పోయింది, పెరుగు పోయింది. మరో వారంలో జనగామలో వేలిముద్రలు వేసి నాలుగు గుంటలూ రాసిచ్చాడు. ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగితే, "నా బలవంతమే" అని గొప్పగా చెప్పాడు. రిజిస్ట్రీకి ఇరవై ఒక్క వేలయ్యాయి. పద్దెనిమిది వేలు తిరిగి రావడానికి ఇరవై ఒక్క వేలు పెట్టాడని ఊర్మిళ బస్సులో అంటే, "పెట్టింది వేరే లెక్క, వచ్చేది వేరే లెక్క, రెండు కలపకు" అన్నాడు. ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి అతడి మొఖం ఒకసారి చూసి, మళ్ళీ తిరిగాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వేరే ఇంటి నంబరు కోసం పంచాయతీ కార్యదర్శి శృతి దగ్గరికి వెళితే, ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది.

"ఇద్దరూ వేరున్నట్టు నాకెట్ల తెలుస్తది? పొయ్యిలు వేరున్నయా? వొచ్చి సూస్త. ఎప్పుడొస్తనో చెప్ప."

ఎప్పుడొస్తుందో చెప్పకపోతే ఎప్పుడూ సిద్ధంగా ఉండాల్సిందే. ఊర్మిళ సిలిండరు, గిన్నెలు, అత్తను, బర్రెను తీసుకుని ముందరి షెడ్డులోకి మారింది. షెడ్డుకూ ఇంటికీ మధ్య అడ్డంగా నులక మంచం నిలబెట్టింది. అది సరిహద్దు. కొండల్‌కు చిన్న పొయ్యి, కుక్కరు మిగిలాయి.

మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు నీళ్ళెక్కువై గంజి అయ్యింది. మూడో రోజు కుక్కరు ఈల వేస్తుంటే, అది ఎప్పుడు ఆపాలో తెలియక మంచం మీదుగా అరిచాడు.

"ఎన్ని ఈలలేస్తే దించాలె?"

అవతలి నుంచి జవాబొచ్చింది. "వేరువడ్డోళ్ళకు వంట చెప్పుడు రివాజు కాదు."

"ఒక్క మాటనే!"

"దానికదే ఏసుకుంటది, దానికదే ఆపుకుంటది. నీ లెక్క కాదు."

ఇవతల కొండల్ పచ్చిపులుసుతో మాడన్నం తింటుంటే, అవతల అండాలు చప్పరిస్తూ పెరుగన్నం తినేది. పండ్లు లేని నోటికి అంత చప్పుడెక్కడిదో! కావాలనే చేస్తోందని కొండల్ అనుమానం. నిజమే, కావాలనే చేసేది.

ఒక ఆదివారం షెడ్డులో నాటుకోడి ఉడుకుతోంది. వాసన సరిహద్దు ఎరగదు. కొండల్ అటూ ఇటూ చూశాడు. శృతి ఆదివారం రాదు గదా అనుకున్నాడు. నులక మంచం దాటాడు.

"ఎవరు గావాలె?" అంది ఊర్మిళ.

"నేనేనే."

"నేనంటే ఎవరు?"

"పుణ్యముంటది, ఒక్క బొక్క పెట్టు."

అండాలు జాలిపడి పళ్ళెం ముందుకు తోసింది. కొండల్ కూర్చుని తొడ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు ముందు శృతి స్కూటీ ఆగింది.

"అక్కా, ఆదివారమైతే ఉన్నదున్నట్టు కనవడుతదని వొచ్చిన. ఈయన మీ ఆయన గదా? వేరున్నమన్నరు?"

కొండల్ నోట్లో ముక్క ఉంది. మింగితే ఒక తంటా, ఉమ్మితే ఒక తంటా. ఊర్మిళ కళ్ళలోకి చూశాడు, కాపాడమని. ఊర్మిళ కాపాడింది.

"వేరే మేడం. పైసలిచ్చి తింటున్నడు. అందరి లెక్కనే."

కొండల్ గట్టిగా తల ఊపాడు.

"ఎంత ప్లేటు?"

"నూట ఇరవై," అంది ఊర్మిళ, మొగుడి వంక చెయ్యి చాపి.

కొండల్ జేబులోంచి వంద తీశాడు. "ఇరవై రేపిస్త."

"ఉద్దెర లేదన్నా."

అన్నా! తాళి కట్టిన మొగుణ్ణి అన్నా అనేసింది. అండాలు కొంగు నోట్లో కుక్కుకుంది. కొండల్ ఇంకో జేబు తడిమి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. శృతి గాలి పీల్చింది, ఒకసారి గడియారం చూసుకుంది, ఇంకోసారి గాలి పీల్చింది.

"నాక్కూడ ఒక ప్లేటు పెట్టక్కా. పొద్దుగాల నుంచి ఏం తినలే."

తిన్నది. వేళ్ళు నాకింది. సర్వపిండి రొట్టె ఉందంటే అదీ తిన్నది. పైసలిచ్చింది. వెళ్తూ వెళ్తూ, "పొయ్యి వేరే ఉన్నది, నంబరు ఇస్త. గని అక్కా, హోటల్ నడుపుతున్నరని మొదలే చెప్పాలె గదా. పంచాయతీల పర్మిషన్ తీసుకోండ్రి. మీటరు గూడ కమర్షియల్‌దే పెట్టియ్యాలె" అంది.

కొండల్‌కు కోడి గొంతులో అడ్డం తిరిగింది. కమర్షియల్ మీటరంటే సున్నా బిల్లు ఉండదు. హోటల్ కాదు మేడం అందామంటే, మరి నువ్వెందుకు కూర్చుని తింటున్నావని అడుగుతుంది. హోటలే అందామంటే, రెండో సున్నా పోతుంది. గ్లాసెత్తి నీళ్ళు తాగాడు.

"అయ్యో, పెట్టిస్త మేడం," అంది ఊర్మిళ. "చట్టం చట్టమే గదా."

నంబరొచ్చింది, మీటరొచ్చింది. సాంసన్ మనుషులు వచ్చి ఊర్మిళ షెడ్డు గోడకు తెల్ల డబ్బా బిగించి పోయారు. వాపస్ పైసలు ఇయ్యాల వస్తాయా రేపు వస్తాయా అని కొండల్ గంటకోసారి ఫోన్ తీసి చూసుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అతడిది కాదు, నులక మంచం అవతలిది.

"వచ్చినయి!" అంది ఊర్మిళ. "పద్దెనిమిది వేలు."

"తే మరి."

"నా పేరు మీద వచ్చినయి గదా. నాలుగు బెంచీలకు, రెండు టేబుళ్ళకు బయానా ఇచ్చిన."

"బయానా ఎప్పుడిచ్చినవ్?"

"నువ్వు ఫోన్ సూసుకుంటున్నప్పుడు."

కరెంటు బండి చార్జింగ్ కావాలంటే గంటో రెండు గంటలో పడుతుంది. బండి తాగుతున్నంత సేపు మనిషి ఏం చేయాలి? ఈ సంగతి ఏ షాపువాడూ స్కీములో రాయలేదు. ఊర్మిళకు మాత్రం మొదటి వారంలోనే అర్థమైంది. కరెంటు స్కూటీల పిల్లలు, జనగామ నుంచి వచ్చే కరెంటు ఆటోలవాళ్ళు బండి తగిలించి బెంచీ మీద కూర్చునేవారు. కూర్చుంటే సర్వపిండి. సర్వపిండి తింటే చాయ్. ఆదివారం నాటుకోడి. అండాలు గల్లా ముందు కూర్చుని, చిల్లర తక్కువిచ్చినవాడిని వాడి తాత పేరుతో పిలిచి మరీ అడిగేది.

కొండల్ కూడా ట్రాలీ తెచ్చి తగిలించాడు.

"యూనిట్‌కు పదిహేను," అంది ఊర్మిళ.

"నా చార్జర్‌కు నేను పైసలియ్యాల్నా?"

"ఎవరి చార్జర్?"

"నేను కొన్న..."

"బిల్లు మీద ఎవరి పేరున్నది?"

కొండల్ జేబులో చెయ్యి పెట్టాడు.

ఒకరోజు హైదరాబాద్ పోతూ కరుణాకర్ కూడా కారు ఆపాడు. దారి తప్పి, చార్జింగ్ అడుగంటి, చెమటలు కక్కుతూ వచ్చాడు. వదిన కదా, ఉత్తగానే పెడుతుందనుకున్నాడు. ఊర్మిళ కరెంటుకు పైసలు తీసుకుంది, నాటుకోడికి పైసలు తీసుకుంది, చాయ్ మాత్రం చుట్టరికం కింద ఉత్తగా పోసింది. ఆ పూట కొండల్ కడుపు నిండింది. తినకుండానే.

అంతటితో ఊరుకుంటే కొండల్ కొండలెందుకవుతాడు? ఒక ప్లాట్ల బేరగాడు వచ్చి ముందరి జాగను అడుగులు వేసి కొలిచి, గజానికి ఏడు వేలన్నాడు. కొండల్ కళ్ళ ముందు డ్రాగన్ పండ్ల తోట లేచి నిలబడింది. ఎర్రగా, వరసలు వరసలుగా. అదే పరుగున నులక మంచం దాటాడు.

"ఇగ సాలు. జాగ మళ్ళ నా పేరు మీద మార్పించు."

"ఎందుకు?"

"డ్రాగన్ పండ్లు. కిలో రెండొందలు అమ్ముతది!"

"ఎల్లయ్య కాకను పిలువు," అంది ఊర్మిళ, చేతులు తుడుచుకుంటూ.

ఎల్లయ్య వచ్చాడు. ఈసారి వాకిట్లో కుర్చీ కాదు, హోటల్ బెంచీ. ముందు సర్వపిండి పెట్టారు. తింటూ ఇద్దరి మాటా విన్నాడు.

"కాయితం మీదనే వేరువడ్డం కాక! ఉత్తగనే రాసిచ్చిన. గిది దునియ మొత్తానికి ఎరుకే," అన్నాడు కొండల్.

"కొండల్ చెప్పింది న్యాయమే," అన్నాడు ఎల్లయ్య.

"కాకా, ఈ షెడ్డు మీద నెలకు హర్షిణి ఫీజు ఎల్లుతున్నది. ఇస్తే గీ నాలుగు గుంటలు గూడ కోళ్ళు పోయిన తొవ్వనే పోతయి," అంది ఊర్మిళ.

"గది గూడ న్యాయమే. గని వేలిముద్ర ఒక్కదిక్కే ఉన్నది కొడుకా. నేనేం జేస్త?"

కొండల్ తల్లి వంక చూశాడు. కన్నతల్లి కదా, ఒక్క మాటైనా తన దిక్కు చెప్పకపోతుందా అని. అండాలు గల్లాపెట్టె మూసింది.

"మీ నాయిన పోంగనే నీతోని గీ సంతకం పెట్టిచ్చి ఉంటే, పన్నెండు గుంటలు మిగులుతుండె."

ఎవ్వరూ నవ్వలేదు. కొండల్‌కు అదే ఎక్కువ బాధయ్యింది. నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని లేచిపోయేవాడు. ఇప్పుడు లేవడానికి కూడా సాకు లేదు. బెంచీ అంచు మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు. పైన రేకుల మీద కాకి నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"కూలి ఇస్త," అంది ఊర్మిళ. గొంతు మారింది. "జనగామ నుంచి కూరగాయలు, సిలిండర్లు తెచ్చేటందుకు నాకు ట్రాలీ గావాలె. బయటోళ్ళను పెట్టుకునేకంటే నువ్వే రా. నెల కాంగనే ఇస్త. కిస్తీ ఎల్లుతది."

"నా పెండ్లాం కాడ నేను కూలికా?"

"డ్రాగన్ పండ్లు వచ్చేదాక ఏం తింటవ్?"

కొండల్ బెంచీ అంచున ఇంకో గీత గీశాడు.

"జాగ కలపను," అంది ఊర్మిళ. "గది తెగిపోయింది. పొయ్యి మాత్రం కలుపుదాం. కుక్కరు పట్కొని ఇటు రా. నువ్వు వండుకున్నది తిని నీ మెడ బొక్కలు తేలినయి, సూడలేకపోతున్న."

ఎల్లయ్య ఆఖరి ముక్క నోట్లో వేసుకుని, "గిది మాత్రం ఒక్కదిక్కు న్యాయం కాదు, రెండు దిక్కుల న్యాయం," అని లేచాడు. బిల్లు అడుగుతారేమోనని తొందరగా నడిచాడు.

కొండల్ లోపలికి పోయి చిన్న పొయ్యి ఒక చేత్తో, అడుగు మాడిన కుక్కరు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. నులక మంచం అడ్డమొచ్చింది. రెండు చేతులూ నిండి ఉన్నాయి, ఎట్లా జరపాలో తెలియలేదు. ఊర్మిళే వచ్చి మంచాన్ని వాల్చింది. దాని మీదే కూర్చుని అతడు తిన్నాడు. ఎదురుగా గోడ మీద డబ్బాకు పచ్చ దీపం వెలుగుతోంది. ఇద్దరు స్కూటీ పిల్లలు తమ వంతు కోసం నిలబడి, పళ్ళెంలోకి ఆశగా చూస్తున్నారు. రెండో చార్జర్ పెట్టిస్తే ఎలా ఉంటుందని ఊర్మిళ అడిగింది. నిజంగానే అడిగింది, అతడి మాట కోసం ఆగింది. అలా అడిగి ఎన్నేళ్ళయిందో! పెట్టించవచ్చు అన్నాడు కొండల్. మరో ముద్ద కలుపుకున్నాడు.

ఇప్పుడతడు రోజూ పొద్దున్నే ఆ ట్రాలీ తీసుకుని జనగామ పోతాడు. కిస్తీ తప్పలేదు, హర్షిణి ఫీజు ఆగలేదు, అన్నం మాడలేదు. అయినా ఎవరైనా చార్జర్ ఎంత పడ్డదని అడిగితే ట్రాలీ ఆపి, ఇంజను లేని బండి కాబట్టి బంద్ చేయాల్సిన పని కూడా లేకుండా, కరుణాకర్‌ను తిట్టుకుంటూ పైసా తేడా లేకుండా చెప్తాడు: జనగామ రోడ్డు మొఖాన నాలుగు గుంటలు. గజాల్లో నాలుగు వందల ఎనభై నాలుగు.